గొర్ల మందకు తోవ మూస్తే నష్టం ఎవరికి?

కొడకండ్ల నుంచి తొర్రూరు పోయే తోవలో పోయిన ఎండాకాలం ఒక మంద ఎదురొచ్చింది. పొద్దున తొమ్మిది కూడా కాలేదు, ఎండ అప్పుడే మండుతున్నది. నాలుగు వందల జీవాలకు తక్కువ ఉండవు. ముందు ఒక పెద్దమనిషి నడుస్తున్నాడు. భుజం మీద గొంగడి, ఆ గొంగడి మడతలో రాత్రి పుట్టిన గొర్రెపిల్ల. నడుమ ఇద్దరు పడుచు పిల్లగాళ్లు, రెండు కుక్కలు. అందరికన్నా వెనుక ఒక పాత టీవీఎస్ ఎక్సెల్ మోపెడు. దాని మీద బియ్యం సంచి, వంట గిన్నెలు, మంద చుట్టూ కట్టే వల, నీళ్ల డబ్బా, ఇంకో రెండు పిల్లలు.

బండి పక్కకు ఆపి పలకరించాను. ‘‘ఎంత దూరం కాకా?’’ అంటే, ‘‘మానుకోట దాటి, గూడూరు దిక్కు. అక్కడ రానిస్తే కొత్తగూడ అడవి అంచుకు’’ అన్నాడు. ఈ వయసులో ఇంత దూరం కాలినడకన ఎట్లా అనిపించి, ‘‘ఏ గుర్రమో, గాడిదో ఎక్కి పోరాదే కాకా?’’ అన్నాను. పెద్దమనిషి పకపకా నవ్విండు. ‘‘గాడిదనెక్కితే ఊరోళ్లు నవ్వరా బిడ్డా! అయినా ఎక్కి పోవుడు తర్వాత. ముందు పోనీకి తోవ ఏది?’’ అన్నాడు.

రైతు సోదరులారా, ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది ఆ ప్రశ్న గురించే. మంద సంగతి గొల్ల కురుమలది, మనకేం పని అని ఈ పేజీ తిప్పేయకండి. రెండెకరాలు, మూడెకరాలు చేసుకునే మనకే దీంతో ఎక్కువ పని ఉంది.

ఎక్కే దేశం, మోసే దేశం

మందల వెంట జంతువు ఎక్కి పోయే దేశాలు లేకపోలేదు. మన దేశంలోనే జమ్ము కాశ్మీర్‌లో గుజ్జర్లు, బకర్వాల్‌లు ఉన్నారు. ఎండాకాలం రాగానే బర్లను, గొర్లను, మేకలను తోలుకొని మంచు కరిగిన పై కొండలకు ఎక్కుతారు. చలి మొదలు కాగానే దిగుతారు. ఆ ఎత్తుల మీద సామాను మోసేవి గుర్రాలు, కంచర గాడిదలు. నడవలేని ముసలివాళ్లను, చిన్నపిల్లలను వాటి మీదనే ఎక్కిస్తారు. మహారాష్ట్రలో ధన్‌గర్లు గొర్ల వెంట గుర్రాలను తోలుతారు.

కంచర గాడిద అంటే మనలో చాలామందికి తిట్టుగానే తెలుసు. మగ గాడిదకు, ఆడ గుర్రానికి పుట్టేది అది. గుర్రం బలం, గాడిద ఓర్పు రెండూ వస్తాయి. రాళ్ల దారిలో కాలు తప్పదు. తిండి గుర్రమంత అడగదు. అందుకే మన సైన్యం కూడా బండ్లు పోని కొండల మీద వాటితోనే సరుకులు మోయించింది. ఒకటే లోటు, దానికి మళ్లీ సంతానం కలగదు. ప్రతి కంచర గాడిదనూ కొత్తగా పుట్టించుకోవలసిందే.

మన దిక్కు కొండలు లేవు, కంచర గాడిదలు లేవు. స్వారీ ఆచారమూ లేదు. గాడిద మీద ఎక్కించి ఊరేగించడం మన దగ్గర శిక్ష కింద లెక్క. అందుకని మన కాపరి ఎప్పుడూ నడిచే పోయిండు. నా చిన్నతనంలో ఊరి మీదుగా పోయే మందల వెంట ఒకటో రెండో గాడిదలు ఉండేవి. బియ్యం, గొంగళ్లు, వంట కుండలు వాటి మీద. కొత్తగా ఈనిన పిల్లలను సంచిలో పెట్టి, తలకాయ బయటకు కనిపించేటట్టు రెండు పక్కలా వేలాడదీసేవాళ్లు. మేం బడి పిల్లలం వాటి వెంట ఊరి పొలిమేర దాకా ఉరికేవాళ్లం. మన చుట్టుపక్కల తండాల లంబాడీ సోదరుల తాతముత్తాతలు కూడా ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశాలు తిరిగినవాళ్లే.

ఇప్పుడు ఆ గాడిదలు కూడా లేవు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద మూడు లక్షల పైచిలుకు ఉన్న గాడిదలు, 2019 నాటికి లక్షా ఇరవై వేలకు పడిపోయాయి. కంచర గాడిదలదీ అదే దారి. సుమారు రెండు లక్షల నుంచి 84 వేలకు దిగాయి. మన కాపరికి ఇప్పుడు గాడిద అయినా, కంచర గాడిద అయినా ఆ పాత మోపెడే. డబ్బున్నవాళ్లు డీసీఎం మాట్లాడుకొని మందను రాత్రికి రాత్రి దింపుకుంటున్నారు. లేనివాళ్లు నడుస్తున్నారు.

గాడిద పోతే మోపెడు వచ్చింది, సరే. తోవ పోతే దాని బదులు ఏం వస్తుంది?

తోవ ఎట్లా మూసుకుపోయింది

పాత లెక్క మీకు తెలిసిందే. వానకాలం పంటలు కోసిన తర్వాత సంక్రాంతి దాకా మంద ఊళ్లోనే మేసేది. చెలకల్లో గడ్డి అయిపోగానే నాలుగైదు కుటుంబాలు కలిసి, జీవాలన్నీ ఒక్కటి చేసి బయలుదేరేవి. కొందరు నీళ్లున్న దిక్కు వరి కొయ్యకాళ్ల మీదికి పోయేవాళ్లు. కొందరు పాకాల, ఏటూరునాగారం, మహాదేవపూర్ అడవుల వైపు, గోదావరి ఒడ్డుకు పోయేవాళ్లు. మృగశిర కార్తెకు నాలుగు చినుకులు పడ్డాయంటే ఇంటిదారి పట్టేవాళ్లు.

ఆ దారి పొడుగునా ఒర్రెలు, బండ్ల బాటలు, చెరువు శిఖాలు, బంచరాయి భూములు ఉండేవి. మంద మేసుకుంటూ పోయేది. ఇప్పుడు చూడండి. ఎస్సారెస్పీ, దేవాదుల నీళ్లు మన వైపు కొంత చేరాయి. మంచిదే, ఎవరూ కాదనరు. కాని చెలక ఉన్నచోట మడి వచ్చింది. యాసంగిలోనూ పచ్చగానే ఉంటున్నది. బండ్ల బాట రెండు దిక్కులా గెట్టు జరిగి సన్నబడ్డది. కొన్నిచోట్ల బాటే దున్నకంలో కలిసింది. రోడ్డు పక్క భూమి ప్లాట్లయింది. బంచరాయిలో కొంత పట్టాలయింది, కొంత ఆక్రమణలో ఉంది. 2015లో హరితహారం మొదలైన తర్వాత మిగిలిన జాగల్లో మొక్కలు పెట్టి కంచె వేశారు. అడవి అంచున కందకాలు తవ్వారు. మొక్క పెంచడం తప్పు కాదు. కాని ఆ జాగాలో అంతకుముందు ఎవరి జీవాలు మేసేవో ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

దీంతో మంద తారు రోడ్డెక్కింది. లారీల మధ్య నుంచి, బస్సుల మధ్య నుంచి నడుస్తున్నది. రోడ్డు కాలి గిట్టలు పగిలి, కుంటుతూ పోయే గొర్లను మీరూ చూసి ఉంటారు.

ఇంకో సంగతి. 2019 పశుగణన ప్రకారం గొర్లలో దేశంలోనే మన రాష్ట్రానిది మొదటి స్థానం. ఒక కోటీ 90 లక్షలు దాటాయి. 2017 జూన్‌లో గొర్ల పంపిణీ పథకం మొదలుపెట్టి, 75 శాతం సబ్సిడీ మీద ఒక్కో యూనిట్‌కు 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చారు. జీవాలను ఇచ్చే పథకం వచ్చింది గానీ, అవి మేసే జాగా చూపించే పథకం వెంట రాలేదు. ఇల్లు కట్టకుండా తలుపు బిగించినట్టే అయింది.

మనం పోగొట్టుకునేది ఏమిటి

ఇక మన లెక్కకు వద్దాం. మంద ఒక రాత్రి మడిలో పండితే ఏమొస్తుందో మన నాయనలకు తెలుసు. కుంచాల లెక్కన వడ్లు కొలిచి ఇచ్చి, కాపరులకు బువ్వ పెట్టి, బతిమాలి మందను పండబెట్టించుకునేవాళ్లు. ‘రేపు మా మడికి’, ‘ఎల్లుండి మా చెలకకు’ అని వంతులు వేసుకునేవాళ్లు. మూత్రం, పెంట రెండూ నేల మీదనే పడతాయి. మోసే ఖర్చు లేదు, చల్లే కూలీ లేదు.

వ్యవసాయ శాస్త్రం చెప్పేది కూడా అదే. గొర్ల ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయని లెక్క. మామూలు పశువుల పెంటలో నత్రజని అర శాతమే. అంటే టన్ను గొర్ల ఎరువు నేలలో పడితే 30 కిలోల నత్రజని పడ్డట్టు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి, అది 65 కిలోల యూరియాతో సమానం. అంటే 45 కిలోల బస్తాలు దగ్గర దగ్గర ఒకటిన్నర. ఇదంతా ఒక్క పంటకే అందదు, మెల్లమెల్లగా రెండు మూడు పంటలకు అందుతుంది. కాని బస్తాలో లేనిది ఇందులో ఒకటి ఉంది. నేల గుల్లబారుతుంది, తేమ నిలుస్తుంది. యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రోజులు మనమెవరం మరచిపోలేదు. ఆ వరుసలో నిలబడే ముందు, మన గెట్టు దగ్గర నుంచి వెళ్లగొట్టిన మంద సంగతి ఒక్కసారి గుర్తు తెచ్చుకోవాలి.

వరి కోత మిషన్‌తో కోయించి, మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే అలవాటు మన దగ్గరా ముదిరింది. మంద రెండు రోజులు తిరిగితే ఆ కొయ్యకాళ్ల మీది చిగురు, గెట్ల మీది గడ్డి మేసి, తొక్కి, ఎరువు వేసి పోతుంది. కాలబెడితే బూడిద, పొగ మిగులుతాయి. నేలలోని సూక్ష్మజీవులు కూడా కాలిపోతాయి.

నేను చేసిన తప్పు

ఇవన్నీ నీతులు చెప్పడానికి రాస్తున్నానని అనుకోకండి. నేను చేసిన పని కూడా మీ ముందు పెడతాను.

2016 ఎండాకాలం. అంతకుముందు వానలు లేక చెరువులు, కుంటలు ఎండిపోయిన ఏడు. మా బోరు సన్నగా పోస్తుంటే అర ఎకరం వంకాయ పెట్టాను. పుచ్చు పురుగు పట్టిందని మందు కొట్టించాను. కొట్టిన తర్వాత డ్రమ్ము, పంపు బోరు దగ్గరే కడిగాం. ఆ నీళ్లు గెట్టు కింద చిన్న గుంతలో నిలిచాయి. ఇంటర్ పాసైనవాణ్ణి, రైతుల పేజీకి రాసేవాణ్ణి, డబ్బా మీద ఎర్ర గుర్తు అంటే ఏమిటో తెలిసినవాణ్ణి. అయినా ఆ గుంత మీద నాలుగు తట్టల మట్టి పోయాలన్న ఆలోచన రాలేదు.

మధ్యాహ్నం ఒక మంద అటు వచ్చింది. ఏటా వచ్చే మందే. చుట్టుపక్కల ఎక్కడా చుక్క నీరు లేదు. దాహం మీద జీవాలు ఆ గుంత మీద పడ్డాయి. గంటలోపల నురగలు కక్కుకుంటూ, వణుకుతూ పడిపోయాయి. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాం. ఆయన వచ్చి సూదులు వేసి కొన్నిటిని బతికించాడు. ఏడు గొర్లు పోయాయి. అందులో మూడు చూడివి.

ఆ కాపరి నన్ను తిట్టలేదు. పంచాయితీ పెట్టలేదు. ‘‘ఒక్క మాట చెప్తే అటు తోలకపోదును పటేలా’’ అన్నాడు, అంతే. పెద్దమనుషులు కూర్చొని ఒక ధర చెప్పారు. నేను సగం ఇచ్చి, మిగతాది పంట మీద ఇస్తానన్నాను. మిగతాది తీసుకోవడానికి ఆయన రాలేదు. నేనే రెండు నెలల తర్వాత వాళ్ల ఊరు వెతుక్కుంటూ పోయి ఇచ్చివచ్చాను. చాయ్ పోశారు. కాని ఆ మంద మళ్లీ మా మడికి రాలేదు. తర్వాతి ఏడు పిలిచినా రాలేదు. అప్పటి నుంచి ఎరువు బస్తాల లెక్క పెరిగిందే గాని తగ్గలేదు. ఏడు గొర్ల పైసలు ఒక్కసారితో తీరాయి. మందను పోగొట్టుకున్న ఖర్చు ఇంకా కడుతూనే ఉన్నాను.

రైతు బాధ కూడా బాధే

ఇట్లా రాస్తే కొందరు రైతులకు కోపం రావచ్చు. ‘మా మక్క చేను మేపిపోయినప్పుడు నువ్వు వచ్చినవా?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాత్రిపూట మంద వలలోంచి బయటపడితే ఒక్క గంటలో అర ఎకరం ఖాళీ అవుతుంది. చేను మేసిన మంద తెల్లారేసరికి పక్క మండలంలో ఉంటుంది. ఎవరిని పట్టుకోవాలో తెలియదు. బయటి మందతో రోగాలు వచ్చి ఊళ్లో గొర్లు చచ్చిపోయిన సందర్భాలు ఉన్నాయి. జీవాల పెంటలో సర్కారు తుమ్మ గింజలు వచ్చి చెలకలో మొలిచిన సంగతి కూడా అబద్ధం కాదు.

అందుకని మందను ఎట్లా వస్తే అట్లా రానీయమని నేను అనడం లేదు. చెప్పి రావాలి, లెక్కతో రావాలి, టీకా వేయించుకొని రావాలి. నష్టం చేస్తే కట్టాలి. కాని ఇవన్నీ జరగాలంటే ముందు తోవ ఉండాలి. తోవ లేనప్పుడు మంద దొంగతనంగా, రాత్రిపూట పోతుంది. రాత్రిపూట పోయే మందే చేలల్లో పడుతుంది. గొడవలు పుట్టేది అక్కడే. దొరికిన రెండు గొర్లను బందెల దొడ్డిలో పెడితే ఒక రోజు కోపం తీరుతుంది తప్ప, రేపటి మంద ఆగదు.

కొందరు గెట్టుకు కరెంటు తీగ పెడుతున్నారు. అడవిపందుల కోసమని చెబుతారు. ఆ తీగకు పందికి, గొర్రెకు, మనిషికి తేడా తెలియదు. అది చట్టం ప్రకారం నేరం. మన పిల్లలే తగిలి పోయిన సంగతులు పేపర్లో చదువుతూనే ఉన్నాం.

చట్టం ఏమంటుంది

కాపరులు వినవలసిన మాట ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూములకే అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. ఆ చట్టం మూడో సెక్షన్‌లో, ఒకచోటనే ఉండి మేపుకునేవాళ్లకూ, కాలాన్ని బట్టి తిరుగుతూ మేపుకునేవాళ్లకూ మేపు హక్కు సామాజిక హక్కుగా రాసి ఉంది. దానికి ఫారం-బి నింపి, ఆ అడవి ఏ గ్రామసభ కిందికి వస్తే అక్కడ దరఖాస్తు ఇవ్వాలి. ఇంకో మంచి మాట ఏమంటే, సంచార కాపరుల దరఖాస్తును వాళ్లు అక్కడ ఉన్న కాలంలోనే విచారించాలని నిబంధనల్లో ఉంది. మంద పోయిన తర్వాత వచ్చి ‘ఎవరూ లేరు’ అని రాసుకుపోవడానికి లేదు.

కాని ఆదివాసులు కానివాళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏండ్లుగా, ఆ అడవి మీద ఆధారపడ్డట్టు చూపించాలి. అది సులువు కాదు. పాత రసీదులు, అక్కడి కోయ గూడేల పెద్దల మాట, గ్రామసభ తీర్మానం, ఇవన్నీ అవసరమవుతాయి. ఆ గూడేలవాళ్లతో సఖ్యత లేకుండా ఈ పని కాదు. అడవి మొదట వాళ్లది. వాళ్లు పోనీయని చోటుకు పోకూడదు. అభయారణ్యాల్లో మేపు మీద వేరే ఆంక్షలు ఉన్నాయి, వాటిని కూడా పాటించాలి.

హిమాచల్ ప్రదేశ్‌లో గద్దీలనే కాపరులకు అటవీ శాఖ మేపు పర్మిట్లు ఇస్తుంది. ఎన్ని జీవాలు, ఎక్కడ మేపాలి అన్నది అందులో ఉంటుంది. వాళ్లకూ కష్టాలు లేకపోలేదు. కాని చేతిలో ఒక కాగితం ఉంది. మన దగ్గర నల్లమలలో, అమ్రాబాద్ దిక్కున లంబాడీలు పెంచే పొడ తూర్పు ఆవుల మందలు ఉన్నాయి. ఆ పొడల ఆవులకు 2020లో జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు దొరికింది. ఆవుకు గుర్తింపు వచ్చింది, ఆ ఆవు నడిచే తోవకు ఇంకా రావలసి ఉంది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ల, పశుకాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ మాట ఢిల్లీ సభల దగ్గర ఆగిపోకుండా మన గెట్టు దాకా రావాలి.

ఎవరు ఏం చేయాలి

రైతులు చేయవలసినవి పెద్ద పనులు కావు. గెట్టు పక్క పాత బాటను దున్నకండి, దున్ని ఉంటే విడిచిపెట్టండి. మందు కొట్టిన చేనుకు ఒక ఎర్రగుడ్డ కట్టండి. డ్రమ్ము కడిగిన నీళ్లు గుంతలో నిలువనీయకండి, మట్టి కప్పండి. యూరియా కలిపిన నీళ్ల తొట్టి మీద మూత పెట్టండి. జొన్న కోసిన తర్వాత వచ్చే పిలకల సంగతి కాపరికి ముందే చెప్పండి. ఆ నాము మేస్తే జీవాలు అక్కడికక్కడే పడిపోతాయి. మందను పండబెట్టించుకుంటే తెల్లారి, మర్నాడు గుంటుక తోలి ఎరువును మట్టిలో కలపండి, లేకపోతే ఎండకు సగం బలం ఆవిరవుతుంది. మోటబావికి ఒడ్డు లేకపోతే నాలుగు ముండ్లకంపలు అడ్డం పెట్టండి.

కాపరులు ఊళ్లోకి వచ్చేముందు రోజే పంచాయతీకి చెప్పాలి. బయలుదేరే ముందు నట్టల మందు తాగించి, పారుడు రోగం, బొబ్బ రోగం టీకాలు వేయించాలి. తొలకరికి ముందు చిటుక రోగం టీకా మరవకూడదు. 2030 నాటికి పారుడు రోగం ప్రపంచంలోనే లేకుండా చేయాలన్నది లక్ష్యం. తిరిగే మందలకు టీకా అందకుండా ఆ లక్ష్యం తీరదు. దారిలో జీవాలకు బాగాలేకపోతే 1962 నంబరుకు ఫోన్ చేయాలి. ఎండ పొద్దున పదికి ముదురుతుంది కాబట్టి చల్లపూట నడిపి, నడి మధ్యాహ్నం నీడకు, నీళ్ల దగ్గరకు చేర్చాలి. మబ్బు పట్టి ఉరిమితే చెట్టు కింద నిలబడకండి. ఏటా తొలకరి పిడుగులకు మందతోపాటు మనుషులను కూడా పోగొట్టుకుంటున్నాం. చేను మేస్తే దాచకుండా ఒప్పుకోవాలి. ఒకసారి ఒప్పుకున్న మందకు మరుసటి ఏడు తోవ దొరుకుతుంది.

పంచాయతీలు, అధికారులు చేయవలసింది ఒకటే ముఖ్యం. పాత నక్షాల్లో ఉన్న బండ్ల బాటలు, ఒర్రెలు, బంచరాయి సర్వే నంబర్లు బయటికి తీసి, హద్దురాళ్లు పాతాలి. ప్రతి ఊళ్లో మంద ఆగే ఒక జాగా, ఒక నీళ్ల తొట్టి ఉండాలి. పంచాయతీలో ఒక పుస్తకం పెట్టి, వచ్చిన మంద ఏ ఊరిది, ఎన్ని జీవాలు, టీకాలు పడ్డాయా, ఫోన్ నంబరు ఏమిటి అని నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు. చేను మేసిన మంద ఎవరిదో తెలుస్తుంది. జీవాలు పోయిన కాపరికి కూడా అడిగే చోటు ఉంటుంది. హరితహారం మొక్కలు తలకన్నా ఎత్తు పెరిగినచోట, కంచె తీసి గడ్డికి దారి విడిచిపెట్టవచ్చు.

ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? రాష్ట్రంలో తొలి రైతు వేదికను 2020 అక్టోబర్ 31న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ప్రారంభించింది మన కొడకండ్లలోనే. ఆ వేదిక మీద విత్తనాల మీద, ఎరువుల మీద సభలు పెడతాం. సంక్రాంతికి ముందు ఒక్క పూట అదే వేదిక మీద రైతులను, కాపరులను ఎదురెదురుగా కూర్చోబెడితే ఏం పోతుంది? ఏ ఊరి మీదుగా ఏ మంద పోతుంది, ఎవరి మడిలో ఎన్ని రాత్రులు పండుతుంది, రేటు ఎంత అన్నది అక్కడే తేల్చుకోవచ్చు. పశువుల డాక్టరు, వ్యవసాయ విస్తరణాధికారి, అటవీ శాఖ మనిషి వస్తే ఇంకా మంచిది. దీనికి కొత్త పథకం అక్కరలేదు, కొత్త బడ్జెట్ అక్కరలేదు.

కడవెండి మనకు దూరం కాదు, పక్క మండలం దేవరుప్పులలోదే. 1946 జూలై 4న అక్కడ దొర మనుషుల తుపాకి గుండుకు ఒరిగిపోయిన దొడ్డి కొమరయ్య గొర్లు కాసుకునే ఇంటి బిడ్డ. ఆయన వెనుక నడిచినవాళ్లలో రైతులు ఉన్నారు, కూలీలు ఉన్నారు, కాపరులు ఉన్నారు. ఆ రోజుల్లో భూమి కోసం కలిసి నిలబడ్డవాళ్ల మనవళ్లం, ఇప్పుడు రెండు గజాల బాట కోసం కట్టెలు పట్టుకొని ఒకరిమీద ఒకరం పోతున్నాం.

ఆ పెద్దమనిషి మంద ఆ రోజు గూడూరు చేరిందో లేదో నాకు తెలియదు. వచ్చే సంక్రాంతి దాటగానే అట్లాంటి మంద మీ ఊరి పొలిమేరకు కూడా వస్తుంది. కట్టె పట్టుకొని ఎదురుపోకండి. ‘ఏ ఊరు కాకా, ఎన్ని జీవాలు, టీకాలు వేయించినవా, మా మడిలో రెండు రాత్రులు పండబెడతావా?’ అని అడిగి చూడండి. మీ మడి ఎట్లా మారిందో మరుసటి వానకాలం నాకు ఒక కార్డు ముక్క రాయండి. రేటు ఎంతకు కుదిరిందో కూడా రాయండి, పక్క ఊరి రైతులకు ఈ పేజీలోనే చెబుదాం.